సాగే పుటలకు అపవాద సూత్రాలు

అచ్చు పుస్తకంలో పుట వెడల్పును నిర్ణయించేది ముద్రాపకుడు. క్రౌను, డెమ్మీ అంటూ కాగితపు కొలత ఒకసారి ఖాయమైతే, అందులో అచ్చుపడిన ఉత్పలమాల పాదం చదువరి చేతికి వెళ్ళిన తరువాత విరిగిపోదు. తెరమీది పుటకు అటువంటి భద్రత లేదు. అదే పుటను ఒకరు పాత మానిటరులో 800 పిక్సెళ్ళ వెడల్పున తెరుస్తారు. మరొకరు గోడకు తగిలించిన పెద్ద తెరమీద తెరుస్తారు. ఇంకొకరు బస్సులో నిలబడి అరచేతిలోని ఫోనులో చూస్తారు. పుటను కూర్చేవాడు వీరెవ్వరినీ ఎరుగడు. అందుచేత అతడు కొలతను కాక నిష్పత్తిని వ్రాయవలసి ఉంటుంది. ఈ కాలమ్ తెరలో 40 శాతం, ఆ కాలమ్ 60 శాతం, ఈ ఖాళీ అక్షర ప్రమాణానికి ఒకటిన్నర రెట్లు అని చెప్పి ఊరుకోవాలి. ఇట్లా కిటికీని బట్టి సాగుతూ, ముడుచుకుంటూ ఉండే కూర్పునే ఈ వ్యాసంలో సాగే పుట అంటున్నాను.

జాన్ ఆల్‌సాప్ అనే ఆయన 2000 ఏప్రిల్‌లో 'ఎ లిస్ట్ అపార్ట్' అనే జాలపత్రికలో 'ఎ డావ్ ఆఫ్ వెబ్ డిజైన్' అని ఒక వ్యాసం వ్రాశాడు. అచ్చు పుట మీద మనకుండే అధికారాన్ని తెరమీద కూడా కోరుకోవడం తగదనీ, ఎట్టి తెరకైనా ఒదిగే గుణమే ఈ మాధ్యమపు బలమనీ ఆయన ప్రతిపాదన. నాకు ఆ ప్రతిపాదన ఎంతో నచ్చింది. అయితే పద్యం అంత సులభంగా ఒదగదు.

పాఠశాల విద్యార్థుల కోసం నేను కొన్ని పుటలు కూర్చేవాణ్ణి. ఎడమ కాలమ్‌లో పద్యం, కుడి కాలమ్‌లో ప్రతిపదార్థ తాత్పర్యాలు. తాత్పర్యం నీటివంటిది, ఏ పాత్రలో పోస్తే ఆ రూపు దాలుస్తుంది. పద్యం అట్లా కాదు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, రెండవ అక్షరం ప్రాసస్థానం. కిటికీ ఇరుకైనప్పుడు పాదంలోని చివరి గణాలు క్రింది పంక్తిలోకి జారతాయి. తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఆ జారిన ముక్కనే రెండవ పాదమనుకొని, అందులోని రెండవ అక్షరాన్ని ప్రాసగా చూపిస్తాడు. అందులో వాడి దోషమేమీ లేదు. పంక్తికి రెండవ అక్షరం చూడమని వాడికి నేర్పినది మనమే.

కనుక పద్యమున్న కాలమ్ ఒక హద్దు కంటె ఇరుకు కాకూడదు. తాత్పర్యమున్న కాలమ్ ఒక హద్దు కంటె విశాలం కాకూడదు. పంక్తి మరీ పొడవైతే చదువరి కన్ను తరువాతి పంక్తి మొదలును వెదుక్కోవలసి వస్తుంది. పుటల అలంకరణకు సూత్రగ్రంథమైన సీఎస్ఎస్‌లో ఈ రెండు అవసరాలకూ 'మిన్-విడ్త్', 'మాక్స్-విడ్త్' అనే సూత్రాలు 1998 నాటి రెండవ కూర్పులోనే చేరాయి. సూత్రం ఉండడం వేరు, దానిని పాటించే బ్రౌజరు ఉండడం వేరు. 2001లో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఆ రెండు సూత్రాలనూ ఎరుగదు. దాని తరువాతి కూర్పు అయిన 7 రావడానికి 2006 అక్టోబరు దాకా అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళలో లోకం చాలావరకు ఆ 6 ద్వారానే జాలాన్ని చూసింది. సాగే పుట కూర్చేవారు ఒక బ్రౌజరు కోసం ప్రత్యేకంగా వ్రాసుకొన్న కిటుకులన్నీ ఈ ఎడబాటులో పుట్టినవే. ఇంగ్లీషువారు వీటిని హ్యాకులన్నారు. నేను కిటుకులంటాను.

వ్యాకరణం చదువుకొన్నవాడికి ఇది కొత్త సంగతి కాదు. శాస్త్రంలో సామాన్య సూత్రాన్ని ఉత్సర్గమంటారు, దానిని ఒకచోట అడ్డుకొనే విశేష సూత్రాన్ని అపవాదమంటారు. మన తెలుగులో ఉకారసంధి నిత్యం, అది ఉత్సర్గం. ప్రథమ కాని విభక్తుల చివర ఉండే ఉకారానికి మాత్రం వికల్పం, అది అపవాదం. అందువల్లనే నన్నడిగె అనీ నన్నునడిగె అనీ రెండు రూపాలూ సాధువులే. సమానబలం గల రెండు సూత్రాలకు వైరుధ్యం వచ్చినప్పుడు తరువాతిది నిలుస్తుందని పాణిని ఏర్పాటు. సీఎస్ఎస్‌లోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు ఉన్నదని మొదటిసారి చదివినప్పుడు నాకు పాత మిత్రుడు ఎదురైనట్లయింది. లోకవ్యవహారంలో మాత్రం అపవాదమంటే నింద. బ్రౌజరు కిటుకులకు ఈ రెండర్థాలూ వర్తించాయి. అవి విశేష సూత్రాలూ అయ్యాయి, నిందలూ మోశాయి. ఆ నింద ఎంతవరకు న్యాయమో విచారించడమే నా ఉద్దేశం.

మొదట పెట్టె కొలత సంగతి చూద్దాం. ఒక పెట్టెకు వెడల్పు 200 పిక్సెళ్ళు అని వ్రాశామనుకోండి. లోపల రెండువైపులా 20 చొప్పున ఖాళీ, చుట్టూ 5 పిక్సెళ్ళ గీత. ప్రమాణం ప్రకారం 200 అనేది లోపలి విషయానికి మాత్రమే చెందిన కొలత. ఖాళీలూ గీతలూ కలిపితే పెట్టె తెరమీద 250 ఆక్రమిస్తుంది. విండోసు మీది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5, 5.5 లెక్క వేరు. వాటికి 200 అంటే గీతలతో సహా మొత్తం పెట్టె, విషయానికి మిగిలేది 150. ఒకే సూత్రానికి రెండు వ్యాఖ్యానాలు. పక్కపక్కన రెండు కాలములు నిలిపే పుటలో 50 పిక్సెళ్ళ తేడా అంటే ఒక కాలమ్ చోటు చాలక రెండవదాని క్రిందికి పడిపోవడమే.

దీనికి టాంటెక్ చెలిక్ కనిపెట్టిన కిటుకు చాలా ప్రసిద్ధం. సీఎస్ఎస్‌లో 'వాయిస్-ఫ్యామిలీ' అని ఒక సూత్రమున్నది. పుటను పైకి చదివి వినిపించే యంత్రాలకు గొంతును నిర్దేశించడానికి పెట్టినది. కంటికి కనిపించే పుటలో దానికి పనిలేదు. చెలిక్ దానికి విలువగా కొటేషన్ గుర్తుల నడుమ ఒక ముగింపు బ్రాకెట్టును ఉంచాడు. కొటేషన్ గుర్తుల లోపల ఉన్నది ఏదైనా వట్టి అక్షరమే, దానికి వ్యాకరణ కార్యం ఉండదు. పాత ఎక్స్‌ప్లోరర్లు మాత్రం ఆ బ్రాకెట్టును చూడగానే సూత్రం ముగిసిందని భ్రమించి అక్కడితో చదువు ఆపేవి. కనుక ముందు తప్పు లెక్కకు సరిపడే వెడల్పు, నడుమ ఈ బ్రాకెట్టు, ఆ తరువాత నిజమైన వెడల్పు వ్రాస్తే, ఎవరికి తగినది వారు చదువుకొంటారు. ఇందులో ఇంకొక ముడి ఉన్నది. ఒపెరా 5 కూడా ఆ బ్రాకెట్టు దగ్గర అదే భ్రమకు లోనయ్యేది, దాని పెట్టె లెక్క మాత్రం సరియైనదే. అందుచేత దానిని కాపాడడానికి మరొక సూత్రం కలపవలసి వచ్చింది. అపవాదానికి మరొక అపవాదం. ఈ చెలిక్ సాక్షాత్తు మైక్రోసాఫ్టులో మెకింతోషు కోసం తయారైన ఎక్స్‌ప్లోరర్ 5 చిత్రణయంత్రాన్ని నిర్మించినవాడన్నది గమనించదగినది. బయటినుండి వెక్కిరించడానికి చేసిన పని కాదది.

ఎక్స్‌ప్లోరర్ 6 పెట్టె లెక్కను సరిదిద్దుకొన్నది, కాని ఒక షరతు మీద. పుట మొట్టమొదట డాక్‌టైప్ అనే ప్రకటన సరిగా ఉండాలి. దానికి ముందు ఎక్స్ఎంఎల్ ప్రకటన ఒక్క పంక్తి ఉన్నా పాత లెక్కకే దిగిపోయేది. మంగళాచరణం తరువాతనే గ్రంథం అన్న నియమాన్ని ఇంత కఠినంగా పాటించిన శిష్యుణ్ణి నేను తరగతిలో చూడలేదు.

ఇక సాగే పుటకు సహజశత్రువులు కొన్ని ఉన్నాయి. ఒకటి, శాతాల లెక్క. 775 పిక్సెళ్ళ చోటును 50 శాతం చొప్పున రెండు కాలములకు పంచితే ఒక్కొక్కటి 387.5. పాత ఎక్స్‌ప్లోరర్లు అరను పైకి సవరించి 388 చేసేవి. రెండూ కలిసి 776. ఒక్క పిక్సెలు చాలక రెండవ కాలమ్ క్రింద పడేది. కిటికీ అంచును ఒక్క వెంట్రుకవాసి జరిపితే మళ్ళీ పైకి లేచేది. దీనికి మందు 50 బదులు 49.9 అని వ్రాయడం. రెండు, ఎక్స్‌ప్లోరర్ 6లో పెట్టె వెడల్పు కంటె లోపలి విషయం పొడవైతే, పెట్టె హద్దు దాటనివ్వడానికి బదులు పెట్టెనే వెడల్పు చేసేది. పద్యపాదం విరగకూడదని ఆంక్ష పెడితే పద్యం కాలమ్ ఉబ్బి, తాత్పర్యం క్రిందికి నెట్టబడేది. మూడు, ఎడమకు ఫ్లోట్ చేసిన పెట్టెకు ఎడమవైపు 10 పిక్సెళ్ళ మార్జిన్ ఇస్తే అది 20 అయ్యేది. దీనిని రెట్టింపు మార్జిన్ దోషమన్నారు.

ఈ మూడవ దోషానికి చెప్పిన మందు నాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఆ పెట్టెకు 'డిస్‌ప్లే: ఇన్‌లైన్' అని ఒక్క మాట చేర్చాలి. ఫ్లోట్ చేసిన పెట్టె ఎట్లాగూ నిలువు పెట్టెగానే పరిగణింపబడుతుందని ప్రమాణం చెబుతున్నది కనుక, సరియైన బ్రౌజర్లలో ఈ మాటకు ఏ ఫలమూ లేదు. ఎక్స్‌ప్లోరర్ 6లో మాత్రం అది దోషాన్ని పోగొట్టేది. వ్రాసిన మాట శాస్త్రసమ్మతం, ఇతరులకు అపకారం లేదు, దోషం పోయిన నాడు నిశ్శబ్దంగా పడి ఉంటుంది. అపవాదమంటే ఇట్లా ఉండాలనిపిస్తుంది.

తక్కిన కిటుకులన్నీ ఇంత సాత్త్వికమైనవి కావు. నక్షత్రపు గుర్తు పెట్టి పక్కన హెచ్‌టీఎంఎల్ అని వ్రాసేది ఒకటి ఉండేది. ఏదో ఒక మూలకం గర్భంలో ఉన్న హెచ్‌టీఎంఎల్ అని దాని అర్థం. హెచ్‌టీఎంఎల్ అనేది పుటకు మూలపురుషుడు, దానికి తండ్రి లేడు. కనుక ఆ సూత్రం ఎవరికీ తగలకూడదు. ఎక్స్‌ప్లోరర్ 6, దాని పూర్వులు మాత్రం లేని తండ్రిని ఊహించుకొని ఆ సూత్రాన్ని పాటించేవి. అండర్‌స్కోర్ కిటుకు మరొకటి. సూత్రం పేరు ముందు ఆ గుర్తు పెడితే తక్కిన బ్రౌజర్లు అది తెలియని పేరని వదిలివేసేవి, ఎక్స్‌ప్లోరర్ 6 గుర్తును మింగి పేరును చదివేది. ఇవన్నీ ఎదుటివాడి పొరపాటును ఆధారం చేసుకొన్న కట్టడాలు. పొరుగింటి గోడ పగులులో మన దూలం దోపినట్లు. ఆయన గోడ బాగుచేయించుకొన్న రోజున మన కప్పు కూలుతుంది.

అట్లాగే జరిగింది కూడా. 2005 అక్టోబరులో ఎక్స్‌ప్లోరర్ తయారీబృందమే ముందుకు వచ్చి, రాబోయే 7వ కూర్పులో ఈ చదువు పొరపాట్లను సరిదిద్దుతున్నామనీ, పుటలలోని కిటుకులను తొలగించవలసిందనీ ప్రకటనగా కోరింది. చిక్కు ఎక్కడ ఉన్నదంటే, 7 కిటుకులను చదవడం మానివేసింది కాని, ఆ కిటుకులు కప్పిపుచ్చిన దోషాలన్నిటినీ మానలేదు. మందు ఆగింది, రోగం కొంత మిగిలింది. తద్విరుద్ధంగా, 6కు అర్థం కాని 'సంతాన' గుర్తును అడ్డుపెట్టి దానినుండి కొన్ని సూత్రాలను దాచినవారికి మరొక విపత్తు. 7 ఆ గుర్తును నేర్చుకొన్నది. దాచినదంతా దానికి కనిపించింది.

ఈ అనుభవంనుండి బయటపడిన వివేకమే షరతు వ్యాఖ్యల పద్ధతి. హెచ్‌టీఎంఎల్‌లోని వ్యాఖ్య రూపంలోనే, "నీవు ఎక్స్‌ప్లోరర్ 6 అయితే ఈ స్టైల్‌షీటును కూడా చదువు" అని చెప్పవచ్చును. ఎక్స్‌ప్లోరర్ 5 నుండి 9 వరకు దీనిని గౌరవించాయి, 2012లో వచ్చిన 10 మానివేసింది. ఇతరులకు అది వట్టి వ్యాఖ్య. ఇక్కడ అపవాదం మూలగ్రంథంలో కలగలసిపోలేదు. వేరే పత్రంలో, పేరు పెట్టి, ఎవరికోసమో చెప్పి ఉంచబడింది. పని తీరిన నాడు ఆ పత్రాన్ని చించివేస్తే మూలానికి గాయం కాదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో 'బహుళము' అన్న ఒక్క మాటలో ఎన్నో విశేషాలను ఇమిడ్చాడు. ఆయన వదిలిన శేషాన్ని బహుజనపల్లి సీతారామాచార్యులు వేరే గ్రంథంగా కూర్చాడు కాని, మూలసూత్రాలను చెరపలేదు. షరతు వ్యాఖ్యలు నాకు ఆ మార్గాన్ని తలపించాయి.

ఈ సందర్భంలో రెండు పక్షాల పండితులను చూశాను. ఒక పక్షం శుద్ధవాదులు. ప్రమాణం ప్రకారం వ్రాస్తాం, చదవలేని బ్రౌజరు వాడేవాడు మార్చుకోవాలి అంటారు. పుట నెత్తిన "ఫలానా బ్రౌజరులో, ఫలానా వెడల్పున చూడండి" అని బోర్డు తగిలించిన రోజులు అవే. మా ఊళ్ళ నెట్ సెంటర్లలో గంటకు ఇంత అని ఇచ్చి కూర్చునే పిల్లవాడికి ఆ యంత్రంలో బ్రౌజరు మార్చే అధికారమెక్కడిది? చూపు తక్కువైన పిల్లవాణ్ణి కళ్ళు బాగుచేయించుకొని రమ్మని గుమ్మంలో నిలబెట్టము. ముందు బల్లమీద కూర్చోబెడతాము, ఆ తరువాత కళ్ళద్దాల మాట. వాడొక్కడి కోసం నల్లబల్లను ముందుకు జరిపితే తక్కినవారికి నష్టం లేకపోతే జరపడమే ధర్మం. కిటుకును నేను సమర్థించేది ఈ కారణంచేతనే.

రెండవ పక్షం కిటుకుప్రియులు. పుట ఒకచోట చెదిరితే ఎందుకు చెదిరిందో విచారించక, ఎక్కడో చూసిన మందు తెచ్చి పూస్తారు. అది మరొకచోట వాస్తే దానిమీద మరొకటి. 'జూమ్: 1' అన్నది ఆ కాలపు సర్వరోగనివారిణి. ఎక్స్‌ప్లోరర్‌లో 'హ్యాజ్‌లేఅవుట్' అనే లోపలి అవస్థ ఒకటి ఉండేది. అది లేని పెట్టె తన సంతానాన్ని సరిగా కొలుచుకోలేదు. జూమ్ ఆ అవస్థను కల్పించేది. ఈ కారణం తెలిసి వాడినవారు కొందరు, మంత్రంగా వాడినవారు అనేకులు. సంధి ఎందుకు జరిగిందో తెలియక రూపం మాత్రం కంఠస్థం చేసిన విద్యార్థి, ప్రశ్న కొంచెం మార్చి అడిగితే నీళ్ళు నములుతాడు.

తెలుగు వ్రాసేవారికి ప్రత్యేకించిన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. మనవాళ్ళు ముద్దుగా మంటనక్క అని పిలుచుకొన్న ఫైర్‌ఫాక్స్‌లో, 2008 జూన్‌లో 3వ కూర్పు వచ్చేదాకా, పంక్తులను రెండు అంచులకూ సమంగా జస్టిఫై చేయమంటే భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు చెదిరిపోయేవి. ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట. ఇంగ్లీషు శీర్షికలకు సొగసుగా ఉంటుందని అక్షరాల నడుమ ఎడం పెంచే సూత్రమూ మనకు అదే ఉపద్రవం తెచ్చేది. అప్పుడు రెండు దారులున్నాయి. ఫైర్‌ఫాక్స్‌కు మాత్రమే తగిలే 'మాజ్-డాక్యుమెంట్' అనే సూత్రంతో అక్కడొక్కచోట ఎడమ అంచుకే సర్దడం ఒకటి. అందరికీ ఎడమ అంచుకే సర్దడం రెండవది. నేను రెండవది ఎంచుకొన్నాను. కుడి అంచు వంకరగా ఉంటే చదువరికి కలిగే నష్టమేమిటి? తెలుగు మాటలు పొడవైనవి. ఇరుకు కాలమ్‌లో వాటిని బలవంతంగా సమం చేస్తే మాటల నడుమ కాలువలు పారుతాయి. అపవాదం అవసరం లేకుండా ఉత్సర్గాన్నే మార్చుకొనే వీలుంటే అదే లాఘవం. వైయాకరణులు అర్ధమాత్ర తగ్గితే పుత్రోత్సవం చేసుకొంటారని లోకోక్తి ఉండనే ఉన్నది.

ఆ 'మాజ్-డాక్యుమెంట్' కథకు ఒక వింత కొనసాగింపు ఉన్నది. 2018లో ఫైర్‌ఫాక్స్‌వారు ఆ సూత్రాన్ని సామాన్య పుటలనుండి ఉపసంహరించారు. కాని లోకంలో కిటుకుగా వాడుకలో ఉన్న దాని ఒక్క ఖాళీ రూపాన్ని మాత్రం, తీసివేస్తే పుటలు చెదురుతాయని, అట్లాగే ఉంచవలసి వచ్చింది. కిటుకు ప్రయోగబాహుళ్యం చేత సూత్రాన్నే శాసించింది. 'వెబ్‌కిట్' అన్న ఉపసర్గ సంగతి ఇంతకంటె పెద్దది. తమ ప్రయోగదశలో ఉన్న సూత్రాలకు ఏ బ్రౌజరుకా బ్రౌజరు తన పేరు ముందు తగిలించాలని ఏర్పాటు. ఫోనుల కోసం పుటలు కూర్చినవారు వెబ్‌కిట్ పేరు ఒక్కటే వ్రాసి ఊరుకొన్నారు. తక్కినవి మాత్రం ఏం చేస్తాయి? 2012లో ఒపెరా, 2016లో ఫైర్‌ఫాక్స్ తమది కాని ఆ ఇంటిపేరును తామే పలకడం మొదలుపెట్టాయి. ఈనాడు ఆ రూపాలు కొన్ని ప్రమాణపత్రంలోకే ఎక్కాయి.

పెట్టె కొలత వివాదం ముగిసిన తీరు కూడా చూడండి. ఖాళీని, గీతను వెడల్పులో కలుపుకొనే ఎక్స్‌ప్లోరర్ 5 లెక్కను అందరూ తప్పన్నారు. ప్రమాణాన్ని బట్టి అది తప్పే. కాని సాగే పుట కూర్చేవాడికి అదే సౌకర్యం. 50 శాతం అంటే ఖాళీతో సహా 50 శాతం కావాలి అతనికి. 'బాక్స్-సైజింగ్' అనే సూత్రంతో ఆ లెక్కను కోరి తెచ్చుకొనే వీలు కలిగింది. 2013లో వచ్చిన బూట్‌స్ట్రాప్ 3 మొదలుకొని అసంఖ్యాకమైన పుటలు దానినే తమ సామాన్య నియమంగా పెట్టుకొన్నాయి. ఒకనాడు అపశబ్దమన్నది తరువాత శిష్టవ్యవహారమైంది. గిడుగు రామమూర్తిగారి తరువాత తెలుగు చదువుకొన్న మనకు ఇందులో ఆశ్చర్యపడడానికి ఏమున్నది?

బ్రౌజరును పేరడిగి దానిని బట్టి సూత్రాలు పంచే పద్ధతి ఒకటి మొదటినుండీ ఉన్నది. అది నాకు ఎప్పుడూ నమ్మకం కలిగించలేదు. 1990ల్లో మొజిల్లా అన్న పేరు చెప్పినవారికే మంచి పుటలు వడ్డించే సర్వర్లుండేవి. అందుచేత ఎక్స్‌ప్లోరర్ కూడా తాను మొజిల్లాకు పొందికైనవాణ్ణని చెప్పుకొన్నది. ఈనాటి క్రోమ్‌ను ప్రవర చెప్పమంటే మొజిల్లా, యాపిల్‌వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెక్కో అని సప్తర్షుల వరుసగా చెప్పి, తనను తాను పరిచయం చేసుకొని, చివరన సఫారి పేరు కూడా చెబుతుంది. గోత్రనామాలు అడిగి విస్తరి వేసేచోట అందరూ గోత్రం మార్చి చెప్పడం సహజమే. 2013 నుండి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో అందుబాటుకు వచ్చిన 'సపోర్ట్స్' సూత్రం ఈ ప్రశ్నను సరియైన రూపంలో అడుగుతుంది. నీవెవరవు అని కాదు, నీకు ఈ పని వచ్చునా అని. వచ్చునన్నవాడు ఆ సూత్రాలు చదువుతాడు. రానివాడు వదిలివేస్తాడు. తెలియని సూత్రాన్ని మౌనంగా విడిచిపెట్టాలన్న నియమం సీఎస్ఎస్‌లో మొదటినుండీ ఉన్నది. దానినే ఇది క్రమబద్ధం చేసింది.

మరి పద్యపాదం మాట? 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారి మూడూ 'గ్రిడ్' అనే పద్ధతిని దాదాపు ఒకేసారి స్వీకరించాయి. పద్యం కాలమ్‌కు కనిష్ఠ ప్రమాణం ఇంత, మిగిలినదంతా తాత్పర్యానిది అని ఒక్క పంక్తిలో చెప్పడానికి ఇప్పుడు వీలున్నది. 2001నాటి ఎక్స్‌ప్లోరర్ 6 కోసం వ్రాసిన కిటుకులన్నీ కలిపినా ఇంత పని చేయలేదు. ఎక్స్‌ప్లోరర్ 11కు కూడా విండోసు 10 మీద 2022 జూన్‌లో మద్దతు ముగిసింది. అయినా అరచేతి తెరమీద ఉత్పలమాల పాదం చదవదగిన ప్రమాణంలో ఒక్క పంక్తిలో పట్టకపోవచ్చును. ఏ సూత్రమూ తెరను పెద్దది చేయదు.

ఇక్కడ నేను అవలంబించినది ఏ బ్రౌజరుకూ ప్రత్యేకించని పాత ఉపాయం. పాదం విరగకూడదన్న పట్టు వదిలి, విరిగిన ముక్క విరిగినట్లుగా కనబడాలన్న నియమం పెట్టుకొన్నాను. ప్రతి పాదాన్నీ ఒక పేరాగా వ్రాసి, ఎడమవైపు రెండక్షరాల ఖాళీ ఇచ్చి, మొదటి పంక్తిని మాత్రం అంతే దూరం వెనుకకు లాగాలి. 'టెక్స్ట్-ఇండెంట్'కు ఋణసంఖ్య ఇస్తే చాలును, 1996 నాటి మొదటి సీఎస్ఎస్‌లోనే ఉన్న సదుపాయం. పాదాదులన్నీ అంచున ఒక వరుసలో నిలుస్తాయి, జారిన ముక్కలు లోపలికి ఒదిగి ఉంటాయి. ప్రాసాక్షరాలు ఒకదాని క్రింద ఒకటి కనబడతాయి. పిల్లవాడు పాదాలను వ్రేలితో లెక్కపెట్టవచ్చును. తెర ఎంత ముడుచుకొన్నా ఛందస్సు తెలుస్తూనే ఉంటుంది.

అట్లాగని అపవాదాలన్నీ తీరిపోలేదు. ఫోనులో చిరునామా పట్టీ పైకీ క్రిందికీ జరిగినప్పుడు తెర ఎత్తును ఎట్లా లెక్కించాలన్న దానిమీద బ్రౌజర్లకు చాలాకాలం పొత్తు కుదరలేదు. 2022లో కొత్త కొలమానాలు వచ్చేదాకా వెబ్‌కిట్‌కొక కిటుకు, తక్కినవాటికొక సూత్రం వ్రాసుకొన్నారు. పెద్దవాళ్ళు వాడి విడిచిన ఫోనులే పిల్లల చేతికి వస్తాయి కనుక, పాత బ్రౌజర్లు మనం తలచినంత త్వరగా లోకంనుండి పోవు. అందువల్ల నా పుటలలో పద్యం ముందు, తాత్పర్యం తరువాత వచ్చేటట్లు మూలాన్నే వ్రాసి ఉంచాను. గ్రిడ్ సూత్రాలను 'సపోర్ట్స్' లోపల పెట్టాను. గ్రిడ్ ఎరుగని ఫోనులో పద్యం పైన, తాత్పర్యం క్రింద కనబడుతుంది. తరగతిలో నేను చెప్పిన వరుస కూడా అదే.

ఈ విద్యలోకి కొత్తగా వచ్చే తెలుగు పిల్లలకు చెప్పగలిగినది ఇంత. పుట చెదిరినప్పుడు మొదట మన కోరికనే మార్చుకోవచ్చునేమో చూడండి. తప్పనిసరి అయితే, ఇతరులకు అపకారం చేయని కిటుకును ఎంచుకోండి. దానిని మూలంనుండి వేరుగా ఉంచండి. ఏ బ్రౌజరులోని ఏ దోషానికి, ఏ సంవత్సరంలో వ్రాశారో పక్కనే తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక వ్యాఖ్య వ్రాసి పెట్టండి. వ్యాఖ్య లేని అపవాదాన్ని తరువాత వచ్చినవాడు భయంతో ముట్టుకోడు, అది అక్కడే శిలాశాసనమై నిలిచిపోతుంది. ఏడాదికొకసారి ఆ వ్యాఖ్యలన్నీ చదివి, కారణం నశించిన సూత్రాలను కొట్టివేయండి. కొట్టివేసే ముందు మాత్రం ఇంట్లో ఉన్న అన్నిటికంటె పాత ఫోనులో ఒకసారి ఆ పుట తెరిచి చూడండి.

స్వస్తి.